మాంగా (జపనీస్ కామిక్స్) బుక్ వెనక నుంచి ప్రింటయ్యింది, రిటర్న్ చేయాలా?

బ్రో రిటర్న్ పెట్టకు, అది మిస్‌ప్రింట్ కాదు. జపనీస్‌లో సంప్రదాయంగా లైన్లు పైనుంచి కిందకి, కుడి నుంచి ఎడమకి రాస్తారు కాబట్టి మనకి చివరి పేజీ అనిపించే వైపే దానికి మొదలు. పేజీలో పైన కుడి మూల బాక్స్ ముందు, తర్వాత దాని ఎడమది, ఆ వరస అయ్యాక కింద వరస మళ్ళీ కుడి నుంచి, మాటల బెలూన్లు కూడా అంతే. ఒకప్పుడు అమెరికాలో బొమ్మలన్నీ ఎడమకుడి తిప్పేసి అచ్చేసేవాళ్ళు, దాంతో కత్తి పట్టినోళ్ళందరూ ఎడమచేతి వాటం అయిపోయేవాళ్ళు, కిమోనో (జపాన్ సంప్రదాయ డ్రెస్) మడత కూడా తిరగబడేది, జపాన్‌లో అలా కట్టేది శవాలకి మాత్రమే! 2002లో టోక్యోపాప్ అనే అమెరికా పబ్లిషర్ వాళ్ళు తమ బుక్స్‌ని తిప్పకుండా వేయడం మొదలుపెట్టాక మిగతావాళ్ళూ అదే బాట పట్టారు, తిప్పే ఖర్చు కూడా మిగిలిందిలే. ఒకట్రెండు చాప్టర్లు ఓపిక పట్టు, కన్ను అలవాటు పడిపోద్ది.