గేమ్ ఆడించి బ్లాక్‌చెయిన్ సత్తా కొలవొచ్చా?

బ్లాక్‌చెయిన్ ఎంత భారం మోయగలదో చూడటానికి లోడ్ టెస్ట్ స్క్రిప్టులు (వరసగా ట్రాన్సాక్షన్లు, అంటే లావాదేవీలు పంపే ప్రోగ్రాములు) ఉండగా గేమ్ ఎందుకని కొందరు అడిగారు. ఉద్యోగరీత్యా రెండూ వాడుతుంటాను. గేమ్‌తో లాభం ఉంది, కానీ ఏ గేమ్ అన్నదే అసలు సంగతి.

స్క్రిప్ట్ మనం చెప్పిన వేగంతోనే ట్రాన్సాక్షన్లు పంపుతుంది. మనుషులు అలా కాదు. స్క్రీన్ కాస్త ఆగిందా, అదే బటన్ టకటకా నొక్కుతారు. చెయిన్ నెమ్మదించిన క్షణంలోనే లోడ్ ఇంకా పెరుగుతుంది.

2017 చివర్లో ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద పిల్లులను పెంచి అమ్ముకునే క్రిప్టోకిట్టీస్ గేమ్ వచ్చినప్పుడు జరిగింది చూడండి. అది పరీక్ష కోసం పెట్టింది కాదు, అయినా అంతకు మించిన పరీక్ష లేదు. సెకనుకు పదిహేను ట్రాన్సాక్షన్లు మోయడమే గగనమైన చెయిన్ మీద ఆ ఒక్క గేమే పదో వంతుకు పైగా ట్రాఫిక్ తెచ్చింది. పిల్లికూన పుట్టాలంటే బయటివాళ్ళెవరో మంత్రసానిలా ఒక ట్రాన్సాక్షన్ పంపాలి, అందుకు వాళ్ళకు చిన్న ఫీజు ముడుతుంది. గ్యాస్ ధర (ట్రాన్సాక్షన్‌కు చెయిన్‌లో కట్టాల్సిన రుసుము) ఆ ఫీజును మించేసరికి గిట్టుబాటు కాదు, కాన్పులు ఆగిపోతాయి. చివరికి ఆ ఫీజును 0.001 ఈథర్ (ఎథీరియం నాణెం) నుంచి 0.002కి పెంచారు. ఇలాంటి చిక్కు ఏ స్క్రిప్ట్‌కు తడుతుంది చెప్పండి?

2024 మేలో ఆప్టాస్ అనే మరో బ్లాక్‌చెయిన్ మీద టాపోస్ అనే పిల్లి గేమ్ నడిచింది. నొక్కిన ప్రతిసారీ ఒక ట్రాన్సాక్షన్. ఆ చెయిన్ మీద మొత్తం ట్రాన్సాక్షన్లు ఒక్కరోజులో 11 కోట్లు దాటాయి. గొప్ప అంకే, కాదనను. కానీ ఇలాంటి గేముల్లో మామూలుగా ఎవరి స్కోరు వాళ్ళదే. ఒకరి లెక్క ఇంకొకరికి అడ్డు రాదు కాబట్టి ట్రాన్సాక్షన్లను సమాంతరంగా నడిపే చెయిన్‌కు అంత సులువైన పని ఇంకోటి ఉండదు.

మా టెస్ట్‌నెట్‌లో (అసలు డబ్బు లేకుండా పరీక్షకు నడిపే చెయిన్‌లో) అలాంటి గేమే పెట్టి, తర్వాత అందరికీ కలిపి ఒకే ప్రైజ్ కౌంటర్ జోడించాం. ప్రతి నొక్కుడూ దాన్నే మార్చాలి. సీపీయూ ఫుల్‌గా తిరుగుతూనే ఉంది, పూర్తయ్యే ట్రాన్సాక్షన్లు మాత్రం ఢామ్మని పడిపోయాయి. ఒకదానికొకటి అడ్డొచ్చినవాటినే మళ్ళీ మళ్ళీ నడుపుతోంది మరి. ఆ ఒక్క కౌంటర్‌ను చాలా చిన్న కౌంటర్లుగా విడగొట్టి, వాటిని అప్పుడప్పుడూ కూడేలా మార్చాక తేరుకుంది.

కాబట్టి మీ గేమ్‌లో అందరూ తాకే వస్తువు ఒకటైనా ఉంచండి, వేలం గానీ లీడర్‌బోర్డ్ గానీ. సగటు టీపీఎస్ (సెకనుకు ట్రాన్సాక్షన్లు) పక్కన పెట్టి, నొక్కినప్పటి నుంచి ఖరారయ్యే దాకా పట్టే సమయం చూడండి, ముఖ్యంగా అందరికన్నా ఆలస్యమైన ఒక్క శాతం మందిది. ఫెయిలైనవీ లెక్కలో రాయండి. టెస్ట్‌నెట్‌లో ఫీజు ఊరికే కదా, బాట్లు (మనుషులకు బదులు ఆడే ప్రోగ్రాములు) ఎలాగూ వస్తాయి. తరిమేయకుండా వాటి లెక్క విడిగా ఉంచుకోండి.