డేటాషీట్ ఉండగా ఎమ్యులేటర్ కోడ్‌ని కూడా డాక్యుమెంటేషన్ అని ఎందుకంటారు?

ఎందుకంటే చిప్ ఎలా పనిచేయాలో డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరణ పత్రం) చెబుతుంది, నిజంగా ఎలా పనిచేస్తుందో మంచి ఎమ్యులేటర్ (ఆ చిప్‌లాగే నడిచే ప్రోగ్రామ్) చెబుతుంది. 1975లో వచ్చిన మాస్ టెక్నాలజీ ప్రాసెసర్ 6502నే తీసుకోండి. దాని 256 ఆప్‌కోడ్‌లలో (ఇన్‌స్ట్రక్షన్లను సూచించే సంఖ్యలలో) అధికారికంగా వివరించినవి 151 మాత్రమే. మిగతావి కూడా ఏదో ఒకటి చేస్తాయి. ఉదాహరణకు కొన్ని, ఒకే విలువను ఎ, ఎక్స్ రిజిస్టర్లు (చిప్ లోపలి చిన్న నిల్వ స్థానాలు) రెండింటిలోకీ ఒకేసారి లోడ్ చేస్తాయి. ఆప్‌కోడ్‌ని చదివి ఏం చేయాలో తేల్చే డీకోడర్‌లో రెండు ఇన్‌స్ట్రక్షన్ల లైన్లు కలిసి పనిచేయడమే దీనికి కారణం. అప్పటి ప్రోగ్రామర్లు కొందరు వీటినీ వాడుకున్నారు.

ఇంకోటి, ఇన్‌డైరెక్ట్ జంప్, అంటే వెళ్లాల్సిన చిరునామాను మెమరీ నుంచి చదివి అక్కడికి దూకడం. చిరునామా మొదటి బైట్ 256 బైట్ల పేజీ చివర ఉంటే, రెండోది తర్వాతి పేజీ నుంచి రావాలి. 6502 మాత్రం అదే పేజీ మొదటికి వెళ్లి తెస్తుంది. తర్వాత వచ్చిన 65సీ02లో దీన్ని సరిచేశారు. పాత చిప్‌ని ఎమ్యులేట్ చేసేటప్పుడు మాత్రం ఆ తప్పును అలాగే ఉంచాలి, పక్కన కామెంట్ కూడా రాయాలి. ఆ కామెంట్ నా దృష్టిలో కోడ్ అంత విలువైనది.

2010లో విజువల్ 6502 బృందం ఇంకా లోతుకి వెళ్లింది. చిప్ పైకప్పు తీసి, మైక్రోస్కోప్‌తో ఫోటోలు తీసి, సుమారు 3,500 ట్రాన్సిస్టర్ల సర్క్యూట్‌ని బ్రౌజర్‌లోనే నడిపించింది. సందేహం వస్తే అందులో ఒక్కో క్లాక్ సైకిల్‌నీ నడిపి చూసుకోవచ్చు.