మాటకారి పిల్లకు లా మేలా, డిజిటల్ మార్కెటింగా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ. వక్తృత్వ పోటీల్లో బహుమతులు తెస్తుంది. డిజిటల్ మార్కెటింగ్ చేస్తానంటోంది. నాకేమో లా మంచిదనిపిస్తోంది. ఏది మేలు? అసలు మాటలు నమ్ముకుంటే కూడు పెడతాయా?
– ఒక తండ్రి, భీమవరం

జవాబు: మీ అసలు భయం ఆఖరి మాటలో ఉంది. పెడతాయండీ. కాకపోతే పోటీలో చప్పట్లు కొట్టేవాళ్లకు చేతినుంచి పోయేదేమీ ఉండదు. జేబులోంచి డబ్బు తీయాల్సిన మనిషిని ఒప్పించడం వేరే విద్య.

మీ చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీదకు మేత కంపెనీ కుర్రాళ్లు వస్తుంటారు కదా, గమనించండి. కొత్తవాడు చెరువు గట్టు ఎక్కగానే వైట్ స్పాట్ తెగులు అని బెదరగొడతాడు. ఆ భయం రైతుకు రోజూ ఉన్నదే, మొహం తిప్పుకుంటాడు. పని తెలిసినవాడు ముందు చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తింటున్నాయో చూసే పళ్లెం) పైకి తీయించి, మిగిలిన మేత, రొయ్య పేగు చూస్తాడు. లోపం నీటిలో ఉంటే, తన సరుకు అమ్ముడుపోకపోయినా ఆ మాటే చెబుతాడు. నమ్మకం అక్కడ కుదురుతుంది. ఆ తర్వాతే లెక్క: ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్య పెరగడానికి పట్టే మేత కిలోలు, 1.5 నుంచి 1.3కి దిగితే టన్ను రొయ్యకు 200 కిలోల మేత మిగులు. రైతు దిగులును తాకే మాట చివర్లో ఒక్కటి చాలు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఈథోస్ (మనిషి మీద నమ్మకం), లోగోస్ (లెక్క, తర్కం), పాథోస్ (మనసును తాకడం) అన్నవి ఇవే. మాట్లాడేవాడి మీద నమ్మకమే దాదాపు అన్నిటికన్నా బలమైనదన్నాడాయన.

మూడు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సుల మీద నా అనుమానమూ ఇక్కడే. ప్రకటన పెట్టడానికి ఏ బటన్ నొక్కాలో నేర్పుతారు. ఆ బటన్లు మారిపోతూనే ఉంటాయి. కొనేవాడి సందేహం ఏమిటో, దాన్ని ఎలా తీర్చాలో చెప్పేవాళ్లు తక్కువ. డిగ్రీతో పాటు నేర్చుకోమనండి, డిగ్రీ మానేసి మాత్రం వద్దు. ఐదేళ్ల లాలో అవతలి పక్షం వాదన కూడా చదివి, జవాబు కాగితం మీద పెట్టడం అలవాటవుతుంది. సీనియర్ దగ్గర తొలి ఏళ్లలో చేతికొచ్చేది తక్కువ, అది తట్టుకోవాలి.

ఒకటి గట్టిగానే అంటాను. లా మంచిదన్నారు, ఎందుకో ఒక్క కారణం రాయలేదు. అమ్మాయికీ చెప్పి ఉండరు. పెద్దవాణ్ణి కాబట్టి వినాలంటే పదిహేడేళ్ల పిల్ల వినదండీ. ఈ ఆదివారం ఇద్దరూ కూర్చోండి. పక్షాలు మార్చుకుని, తను లా వైపు, మీరు డిజిటల్ మార్కెటింగ్ వైపు ఐదేసి నిమిషాలు మాట్లాడండి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి, ఆధారం లేకుండా అన్న ప్రతి మాటా కాగితం మీద రాయండి. ఇద్దరి జాబితాలూ పొడుగ్గానే వస్తాయి, కంగారుపడకండి. వాటికి జవాబులు దొరికేదాకా ఎక్కడా ఫీజు కట్టకండి.