మునగచెట్టు ముందు కూర్చునేవాళ్లకి

హైదరాబాద్
సంక్రాంతి వెళ్లాక మొదటి ఆదివారం

చిట్టీ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఫోన్లో ఒకసారి, కంప్యూటర్లో పెద్దవి చేసుకుని ఇంకోసారి. "పెద్దమ్మా, పిట్ట చుక్కంత వస్తోంది, అదీ నల్లగా. 600 లెన్స్ కొనమంటావా?" అని అడిగావు. ఇప్పుడే వద్దు. నీ దగ్గరున్న 70-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ చాలు. నువ్వు నిలబడే చోటు మార్చాలి, అంతే.

లెక్క చెప్తాను, నీకు లెక్కలంటే ఇష్టం కదా. తేనెపిట్ట ముక్కు నుంచి తోక దాకా 10 సెంటీమీటర్లు. నీది ఏపీఎస్‌-సీ సెన్సర్, అంటే కెమెరాలో బొమ్మ పడే చిప్పు కాస్త చిన్న సైజుది. జూమ్ 300 దగ్గర పెట్టి 30 అడుగుల దూరం నుంచి తీస్తే ఫ్రేము వెడల్పు దాదాపు 70 సెంటీమీటర్లు, పిట్ట అందులో ఏడో వంతు. అదే 13 అడుగుల నుంచి తీస్తే ఫ్రేము 30 సెంటీమీటర్లే. పిట్ట మూడో వంతు నిండుతుంది. అంటే 600 లెన్స్‌కి పోసే డబ్బంతా ఆ పదిహేడు అడుగుల కోసమే. ఆ పదిహేడు అడుగులూ ఓపిక పట్టినా వస్తాయి.

అలాగని పిట్ట దగ్గరికి నడవకు. నువ్వు ఒక అడుగు వేస్తే అది పక్కింటి మామిడిచెట్టు మీదుంటుంది. అది రాకముందే నువ్వు వెళ్లి కూర్చోవాలి.

ఇక నలుపు సంగతి. మీ బాల్కనీ తూర్పు ముఖం. పొద్దున్నే అక్కడి నుంచి తీస్తున్నావు కాబట్టి సూర్యుడు పిట్ట వెనక ఉంటున్నాడు. సాయంత్రం తీద్దామంటే మీ బిల్డింగ్ నీడ మునగచెట్టు మీద పడుతుంది. కాబట్టి కిందికి దిగు. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ ఉంది కదా, అతన్ని అడిగి తెచ్చుకుని ప్రహరీ గోడకి వీపు ఆనించి కూర్చో. ఎండ నీ భుజాల మీదుగా వెళ్లి చెట్టు మీద పడాలి. మగ తేనెపిట్ట విషయంలో ఇది ఇంకా ముఖ్యం. దాని ఊదా, నీలం మెరుపు రంగు పూసినట్టు ఉండేది కాదు. ఈకల నిర్మాణం మీద వెలుగు పడి తిరిగొస్తేనే ఆ మెరుపు కనిపిస్తుంది. నీడలో అదే పిట్ట బొగ్గుముక్క. తల కాస్త తిప్పిందంటే గొంతు మీద ఒక్కసారి నీలం వెలిగి ఆరిపోతుంది. ఆ క్షణం కోసమే నేను ఇన్నేళ్లుగా కూర్చుంటున్నాను, ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

ఈ నెలలో పొద్దున ఏడుంపావు నుంచి తొమ్మిదిన్నర దాకా వెలుగు బాగుంటుంది. మొదటి నాలుగు రోజులు కెమెరా తీసుకెళ్లకు. టీ గ్లాసుతో వెళ్లు, చిన్న నోట్‌బుక్ పెట్టుకో. పిట్ట ఎన్ని గంటలకి వచ్చింది, ఎటు నుంచి వచ్చింది, ముందు ఏ కొమ్మ మీద వాలింది, రాసుకో. తేనెపిట్ట దారి తప్పకుండా తిరిగే పిట్ట. ఒకసారి తాగేసిన పువ్వులో మళ్లీ తేనె ఊరాలి కాబట్టి చుట్టుపక్కల పూలన్నీ చూసుకుని కాసేపటికి అక్కడికే వస్తుంది. మా ఇంటి మునగ మీదికి వచ్చేది ముందు చివరన ఉన్న ఎండుపుల్ల మీద వాలుతుంది. 'చ్విట్' అని ఒక కేక వేస్తుంది. ముక్కుని అటు ఒకసారి, ఇటు ఒకసారి పుల్లకి రాసి తుడుచుకుంటుంది. ఆ తర్వాతే పూలగుత్తిలోకి దూరుతుంది. ఆ అలవాటు తెలిశాక నేను ఆకుల్లో పిట్టని వెతకడం మానేశాను. పుల్ల మీద ఫోకస్ పెట్టుకుని కూర్చుంటాను, అదే వచ్చి వాలుతుంది. నీ చెట్టుకీ అలాంటి పుల్ల ఒకటి ఉంటుంది, కనిపెట్టు. ఒక్క మాట, చెట్టెక్కకు, కొమ్మ వంచకు. మునగ కొమ్మ పుటుక్కున విరుగుతుంది.

సెట్టింగుల గురించి ఎక్కువ టెన్షన్ పడకు. కూర్చున్న పిట్టకి షటర్ స్పీడ్ సెకనులో 1/1000 వంతు, పువ్వు ముందు రెక్కలాడిస్తూ నిలిచినప్పుడు 1/2500 పైన. ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగుని ఎంతగా పట్టుకోవాలో చెప్పే అంకె) ఆటోలో వదిలెయ్, 3200 దాకా వెళ్లినా భయం లేదు. గరుకుగా వచ్చిన ఫొటోని బాగుచెయ్యొచ్చు, కదిలిపోయినదాన్ని చెయ్యలేం. ఫోకస్ పాయింటు ఒక్కటే పెట్టుకుని పిట్ట కంటి మీద ఉంచు. వెనకాల తెల్లటి ఆకాశం గానీ, ఎండ పడ్డ మీ గోడ గానీ ఉంటే ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగుగా రావాలో) ప్లస్ 1 చెయ్యి. ఆ వెలుగు చూసి కెమెరా మోసపోయి పిట్టని ఇంకా నల్లగా చేస్తుంది. ముదురాకులు వెనకుంటే మళ్లీ సున్నాకి తెచ్చుకో. ఫ్లాష్ మాత్రం అసలు వద్దు.

తేనెపిట్టతో మొదలుపెడితే విసుగొస్తుంది. ముందు పిగిలిపిట్టల (బుల్బుల్) మీద చెయ్యి కుదుర్చుకో. అవి జంటగా వస్తాయి, నింపాదిగా కూర్చుంటాయి, నువ్వున్నా పెద్దగా పట్టించుకోవు. ఆదివారం అమీన్‌పూర్ చెరువుకి వెళ్లాలా అని కూడా అడిగావు. తప్పకుండా వెళ్లు, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు అది, చూడాల్సిందే. కానీ అక్కడ నీటి పక్షులు దూరంగా ఉంటాయి, 300 లెన్స్‌తో నిరాశపడతావు. నీ చదువు నీ ఇంటి చెట్టు దగ్గరే.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

నువ్వు పంపినవాటిలో ఒకటి గూడు ఫొటో. ఆకులు కుట్టి కట్టింది, టైలర్ బర్డ్‌ది. చాలా ఏళ్ల కింద మా పెరట్లో అంజూర మొక్కకి కూడా అలాంటి గూడే కట్టింది. రెండు ఆకుల అంచులకి చిల్లులు పొడిచి, సాలీడు దారంతో, దూదితో కుట్టి, లోపల మెత్తగా పరిచింది. మూడు పిల్లలు. నోళ్లు తెరిస్తే పసుప్పచ్చగా లోపలి దాకా కనిపించేవి. ఒక ఆకు అడ్డం వస్తోందని దాన్ని దారంతో వెనక్కి కట్టేశాను. తెంపలేదు కదా, మళ్లీ విప్పేస్తానుగా అనుకున్నాను. ఆ రోజు ఫొటోలు అద్భుతంగా వచ్చాయి. మూడో రోజు పొద్దున వెళ్లేసరికి గూడు ఖాళీ. గోడ మీద కాకి. తల్లి ముక్కులో పురుగుతో ఆ కొమ్మ చుట్టూ తిరుగుతూ అరుస్తూనే ఉంది. ఆ ఆకే ఆ గూటికి తలుపని నాకప్పుడు తెలియలేదు. ఆ ఫొటోలు ఎవరికీ చూపించలేదు, నీకు కూడా.

అందుకని గూటి వైపు వెళ్లకు. నువ్వు అక్కడ నిలబడినంత సేపూ తల్లి మేత తీసుకుని దూరంగా ఆగిపోతుంది, కాకీ పిల్లీ నిన్ను చూసి చోటు గుర్తుపడతాయి. పిల్లలు ఎగిరిపోయాక ఆకు మడత తీసి చూసుకో, ఆ కుట్టుపని చూస్తే ఆశ్చర్యపోతావు. ఫోన్లో పిట్ట కూత పెట్టి రప్పించమని ఎవరైనా చెప్తే వినకు. ఇంకో పిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని అది తిండి మానుకుని కొట్లాటకి దిగుతుంది.

ఇంకో పని ఈ వారమే చెయ్యి. మీ వీధి చెట్లలో గాలిపటాల మాంజా వేలాడుతూ ఉంటుంది. నైలాన్ మాంజాని 2017లోనే దేశమంతా నిషేధించారు, అయినా దొరుకుతూనే ఉంది. అంత సన్నటి దారం పిట్టకి కనిపించదు, రెక్క చిక్కిందంటే ఎంత గుంజుకుంటే అంత లోతుగా తెగుతుంది. పొడవాటి కర్రకి కొక్కెం కట్టి మునగ మీద ఉన్నదంతా లాగెయ్. చేతికి గుడ్డ చుట్టుకో. లాగిందాన్ని ముక్కలుగా కత్తిరించి చెత్తలో వెయ్యి, ఉండలా చుట్టి పడేస్తే ఇంకో చోట ఇంకో పిట్ట కాలికి చుట్టుకుంటుంది.

ఎండలు ముదిరాక మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు పెట్టి, పక్కన ఒక ఎండుకొమ్మ గుచ్చు. నీళ్లు రోజూ మార్చు, లేకపోతే దోమలు. ఎదురింటివాళ్లకి కూడా ముందే చెప్పుంచు, కావాలంటే తీసిన ఫొటోలు చూపించు. అంత పొడుగు లెన్స్ తమ కిటికీ వైపు తిరిగితే ఎవరికైనా ఇబ్బందే కదా.

నువ్వు పంపిన ఏడో ఫొటోలో బూడిద పసుపు తేనెపిట్టని ఆడదని రాశావు. గొంతు నుంచి పొట్ట మీదికి ముదురు గీత ఉంది, చూశావా? అది మగదే, పాత ఈకలు ఇంకా మారలేదు. వారాలు గడిచేకొద్దీ ఆ గీత వెడల్పవుతుంది, అక్కడక్కడా మెరిసే ఈకలు మొలుస్తాయి, ఎండలు ముదిరేలోపు ఒళ్లంతా మెరుపే. ప్రతి ఆదివారం దాని ఫొటో ఒకటి పంపు, వాట్సాప్‌లో కాదు, ఒరిజినల్ ఫైల్ మెయిల్‌లో పెట్టు. గీత ఎంత వెడల్పయిందో ఇక్కడ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టుకుని చూస్తాను.

మీ పెద్దమ్మ