అటక మీది ఫ్లాపీలు

చిరంజీవి రఘుకు,

మీ జేజినాయన పాత ఐదుంపావు అంగుళాల కంప్యూటర్ ఫ్లాపీ డిస్కులు అటక మీద దొరికాయని విని సంతోషించాను. కానీ పాత డ్రైవు దొరగ్గానే పెట్టి చూస్తానన్నావే, ఆ తొందర వద్దు అబ్బీ. అవి 2009 అక్టోబరు వరదలో తడిసినవి. మన కర్నూలులో నీళ్లు దిగాక ఇంటినిండా ఎంత బురద మిగిలిందో నీకు గుర్తుండదు, అప్పటికి చిన్నోడివి. ఆ ఒండ్రు కవర్లలోకీ పోయుంటుంది. అలాగే తిప్పితే హెడ్డు (డ్రైవులో డిస్కును చదివే భాగం) కింద ఉప్పుకాగితం పెట్టినట్టే.

డిస్కు మళ్లీ పనిచెయ్యాల్సిన అవసరం లేదు, ఒక్కసారి పూర్తిగా చదవగలిగితే చాలు. అందుకని ముందు పక్కనున్న గాటు మీద నల్ల టేపు అంటించు, అప్పుడు డ్రైవుకు దాని మీద ఏమీ రాయడం కుదరదు. తర్వాత కవరు పైఅంచు కత్తెరతో సన్నగా కోసి, లోపలి బిళ్లను మధ్య రింగు దగ్గర పట్టుకుని బయటికి తియ్యి. ఏ వైపు పైకుందో గుర్తుపెట్టుకో. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి మెల్లగా ఆడించు, రుద్దకు. మళ్లీ ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి నీడలో ఆరబెట్టు. మన ఎండలో పెడితే వంకర పోతుంది. ఆరాక పనికిరాని ఫ్లాపీ కవరులోకి మార్చు.

చదివేటప్పుడు కీచుమని శబ్దం వస్తే వెంటనే ఆపెయ్. హెడ్డు మీద గోధుమరంగు పొడి కనబడితే అది మీ జేజినాయన లెక్కలే రాలిపోతున్నాయని అర్థం. దూదిపుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ప్రతి డిస్కు తర్వాతా హెడ్డు తుడువు.

గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డుతో డ్రైవును యూఎస్‌బీకి కలిపి మొత్తం ఇమేజ్, అంటే డిస్కుకు అచ్చంగా నకలు, తీసుకో. చెడిన చోట పదేపదే చదవమను. విండోస్ 'ఫార్మాట్ చెయ్యాలా' అని అడిగితే పొరపాటున కూడా సరే అనకు. చెక్‌డిస్క్ లాంటి రిపేరు ప్రోగ్రాములు కూడా కాపీ మీదే నడుపు.

ఒక సెక్టారు (డిస్కు మీద ఒక చిన్న ముక్క) పోతే పోయేది 512 బైట్లే, టెన్షన్ పడకు. అసలు చిక్కు జీరో ట్రాకుతోనే, అంటే మొట్టమొదటి వలయంతో. అది డిస్కు అంచున ఉంటుంది, ఫైళ్ల పట్టిక రెండు కాపీలూ అక్కడే. అది పోయినా ఇమేజ్‌లో తెలిసిన పేర్లు వెతికితే లోపలి రాతలు దొరుకుతాయి. డిలీట్ చేసినవైతే పేరులో మొదటి అక్షరం పోయి, దాని చోట ఈ5 అనే గుర్తు ఉంటుంది. పైన వేరేది రాయకపోతే లోపలిదంతా భద్రమే.

మీ జేజినాయన ఉత్తరాలన్నీ వర్డ్‌స్టార్ అనే పాత టైపింగు ప్రోగ్రాములో కొట్టేవాడు. తెరిస్తే ప్రతి మాట చివరి అక్షరం పిచ్చిపిచ్చిగా కనబడుతుంది. చెడిపోయిందనుకోకు. వర్డ్‌స్టార్ తన గుర్తు కోసం ఆ అక్షరం కోడులో ఎనిమిదో బిట్టును 1 చేసుకుంటుంది, అది తీసేస్తే మాట సరిగా వస్తుంది.

డ్రైవు నా దగ్గరుంది, ఆదివారం వచ్చి తీసుకుపో. పనికిరాని ఫ్లాపీలు కూడా కొన్ని ఇస్తాను, ముందు వాటిని కోసి కడిగి చెయ్యి తిప్పుకో.

మీ చిన్నాయన