తుఫాను వచ్చిన చోటికల్లా పోయి కరెంటు పని చేస్తానంటున్నాడు, పంపాలా వద్దా?

సోంపేట వైపు నుంచి ఒక తల్లి అడిగారు. వాళ్లబ్బాయికి ఇరవై ఏళ్లు, ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసై ఊళ్లోనే మోటార్ వైండింగ్ షాపులో కుదిరాడు. మొన్న 2025 అక్టోబర్‌లో మొంథా తుఫానప్పుడు మేనమామ వాణ్ణి ఒక కాంట్రాక్టర్ గ్యాంగ్‌తో కోనసీమ వైపు తీసుకెళ్లాడు, పోల్స్ నిలబెట్టడం, వైర్లు లాగడం. తిరిగొచ్చాక షాపు మానేశాడు, ఇక ఎక్కడ తుఫానొస్తే అక్కడికే పోతా అంటున్నాడు, ఒడిశా అయినా బెంగాల్ అయినా. "చేతికొచ్చిన డబ్బులు చూసి అంటున్నాడా, నిజంగా దీనికి ఫ్యూచర్ ఉందా, ఇంటిపట్టున ఉండనివాడికి రేపు పిల్లనెవరిస్తారు" అని ఆవిడ బెంగ.

అమ్మా, మీవాడి ఆలోచన మరీ తీసిపారేసేదేం కాదు. ఉద్దానం పిల్లాడు, 2018లో తిత్లీ వచ్చినప్పుడు పన్నెండు పదమూడేళ్లుంటాయి, కొబ్బరి తోటలు నేలకొరిగి ఊళ్లన్నీ చీకట్లో ఉంటే బయట జిల్లాల నుంచి వచ్చిన లైన్ మనుషులు పోల్ ఎక్కడం కళ్లారా చూసుంటాడు. అలాంటివాడికి షాపులో కూర్చుని కాయిల్ చుట్టడం బోర్ కొట్టిందంటే నాకేం ఆశ్చర్యం లేదు. పైగా పని నేర్చుకోడానికి అదొక మంచి చోటు, 33 కేవీ, 11 కేవీ పెద్ద లైన్లు, ఇళ్లకి వచ్చే ఎల్టీ లైన్లు అన్నీ ఒకేసారి పడిపోయుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీంచి జారి పడుంటుంది, మామూలు రోజుల్లో హెల్పర్‌ని దగ్గరికి కూడా రానివ్వని పనులు అక్కడ చేతిలో పెట్టేస్తారు.

కానీ తుఫానుకి క్యాలెండర్ ఉంది చూడండి. మన బంగాళాఖాతంలో ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఒక విడత, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకో విడత. మన తీరానికి బాగా దెబ్బ కొట్టినవి గుర్తు చేసుకుంటే 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, 2023 డిసెంబర్లో బాపట్ల దగ్గర దాటిన మిగ్‌జాం, ఇప్పుడు మొంథా. మధ్యలో చిన్నవి వచ్చాయి గానీ ఒక గ్యాంగ్‌ని పోషించేంత పని ప్రతీ ఏడాదీ ఇక్కడ దొరకదు. అందుకే మీవాడు ఒడిశా బెంగాల్ అంటున్నాడు, అది కరెక్టే, 2019లో పూరీ దగ్గర ఫణి వచ్చినప్పుడు లక్షకు పైగా పోల్స్ పడిపోతే మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ నుంచి కూడా మనుషులు వెళ్లారు. అయితే ఎంత తిరిగినా ఏడాదిలో రెండు మూడు నెలల పని, మిగతా తొమ్మిది నెలలు ఏం చేస్తాడని మీరు అడగాలి, వాడు దానికి "చూద్దాంలే" అంటే మాత్రం పంపొద్దు.

ఇక ప్రమాదం. గాలి, వాన, పాములు, స్కూలు వరండాలో పడుకోవడం, మూడు పూటలా పులిహోర పొట్లం, ఇవన్నీ కుర్రాడు తట్టుకుంటాడు. మనుషుల్ని చంపేది రిటన్ కరెంటు. లైన్ మీద పని చేసుకోవచ్చని సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (ఎల్సీ) తీసుకున్నారు, బ్రేకర్ తీసేశారు, లైన్ చచ్చిపోయిందనుకుని కుర్రాడు పోల్ ఎక్కుతాడు, సరిగ్గా అప్పుడే వీధి చివర షాపాయన జనరేటర్‌ని లైన్ నుంచి విడదీసే ఛేంజోవర్ స్విచ్ లేకుండానే జనరేటర్ ఆన్ చేస్తాడు, ఆ కరెంటు ఇంటి సర్వీస్ వైరు మీదుగా వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎక్కితే అవతలి వైపు 11 కేవీ అయి లైన్లోకి వస్తుంది. ఊరంతా కరెంటు లేని రోజునే జనరేటర్లు ఎక్కువ తిరుగుతాయి కదా, తుఫాను పనిలో ఈ భయం మామూలు రోజుల కన్నా చాలా ఎక్కువ. అందుకని పోల్ ఎక్కే ముందు టెస్టర్ పెట్టి చూడాలి, పని చేసే చోటుకి అటూ ఇటూ రెండు వైపులా షార్ట్ చేసి ఎర్త్ రాడ్డు వెయ్యాలి, పోల్ మీద లైన్‌ని విడదీసే ఏబీ స్విచ్ ఓపెన్ చేశామని ఎవరో చెప్తే సరిపోదు, కళ్లతో చూడాలి. మేస్త్రీ "టైం లేదు, పైనుంచి ఒత్తిడి ఉంది, ఎక్కేయ్" అంటే ఎక్కకుండా కింద నిలబడే ధైర్యం మీవాడికి ఉందా లేదా? నన్నడిగితే ఈ పనికి పోల్ ఎక్కడం కన్నా అదే ముఖ్యం, వాణ్ణి ఈ ముక్క సూటిగా అడగండి.

డబ్బుల సంగతి. రోజుకింతని మాట్లాడుకున్నారా, పోల్‌కింతని మాట్లాడుకున్నారా? పోల్ లెక్క అయితే తొందర ఎక్కువ, పైన చెప్పిన ఎర్త్ రాడ్డు మొదట ఎగిరిపోయేది అక్కడే. ఇంకోటి, కాంట్రాక్టర్‌కి డబ్బు రావాలంటే పని కొలిచి ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో రాయాలి, బిల్లు పాసవ్వాలి, అది నెలలు పట్టొచ్చు, కాంట్రాక్టర్ దగ్గర చేతిలో డబ్బు లేకపోతే "బిల్లు రాగానే ఇస్తా" అని కుర్రాళ్లని తిప్పుతాడు. మొదటిసారి మేనమామ ఉన్నాడు కాబట్టి డబ్బు చేతికొచ్చింది, తెలియని గ్యాంగ్‌తో కటక్ దాకా పోయి రిటన్ టికెట్‌కి ఇంటికి ఫోన్ చేసే పరిస్థితి రాకూడదు, బయల్దేరే ముందే ప్రయాణం ఖర్చు, సగం అడ్వాన్స్ మాట్లాడుకోమనండి.

నాకు అన్నిటికంటే బెంగ కాగితాల గురించి. ఇలా ఊరూరా తిరిగి పని చేసిన కుర్రాళ్లు నా దగ్గరికి వస్తుంటారు, పని బ్రహ్మాండంగా వచ్చు, చేతిలో ఒక్క కాగితం ఉండదు, ఎక్కడ చేశావంటే ఫోన్‌లో ఫోటోలు చూపిస్తారు. ఫోటో చూసి ఎవడూ ఉద్యోగం ఇవ్వడమ్మా. వెళ్లిన ప్రతీచోటా కాంట్రాక్టర్ లెటర్‌హెడ్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ సబ్‌స్టేషన్ పరిధిలో, ఏం పని చేశాడో రాయించి సంతకం, ముద్ర వేయించుకోవాలి, అదీ అక్కడున్నప్పుడే, తర్వాత ఆయన ఫోన్ ఎత్తడు. పీఎఫ్ కడితే యూఏఎన్ నంబర్, అంటే మనిషికి ఇచ్చే పీఎఫ్ నంబర్, ఒక్కటే ఉండాలి, కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్తది తీయించుకోకూడదు, పని అయిపోగానే ఉన్న నాలుగు వేలూ విత్‌డ్రా చేసేసుకోకూడదు. ఈఎస్ఐ కింద ఉంటే పని మీద దెబ్బ తగిలితే మొదటి రోజు నుంచే కవర్ అవుతుంది, జబ్బు బెనిఫిట్‌కి లాగా ఇన్ని రోజులు కట్టుండాలన్న రూలు దానికి లేదు, అందుకే పనిలోకి దిగే ముందే ఈఎస్ఐలో తన పేరు మీద ఇచ్చే ఐపీ నంబర్ వచ్చిందా అని అడగాలి. ఏమీ లేకపోయినా బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో సురక్ష బీమా ఉంది కదా, ప్రమాదంలో పోతే 2 లక్షలు, అది రేపే కట్టించండి, తక్కువే, కానీ అసలు లేకపోవడం కన్నా నయం.

మరి ఖాళీ నెలలు? ముందు వైరింగ్ పని చేయడానికి ప్రభుత్వం ఇచ్చే వైర్‌మన్ పర్మిట్‌కి అప్లై చేయించండి, ఏమేం కావాలో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో చెప్తారు. అప్రెంటిస్‌షిప్ చెయ్యకపోతే అది చేయడం ఇంకా మంచిది, ఎన్ఏసీ అనే అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది, ఆ ఏడాది తుఫాను మిస్సయితే కొంపలేం మునిగిపోవు. సోలార్ కూడా చూడమనండి, పీఎం సూర్యఘర్ వచ్చాక ఇళ్ల మీద ప్యానెళ్లు బిగించే పని పెరిగింది, లైన్ పని చేసినవాడికి అది పెద్ద కష్టం కాదు. చదువు మీద కాస్త ఇష్టం ఉంటే ఐటీఐ నుంచి పాలిటెక్నిక్ సెకండియర్‌లో చేరే దారి ఉంది. డిస్కంలో (కరెంటు పంపిణీ కంపెనీలో) జేఎల్ఎం, అంటే జూనియర్ లైన్‌మన్ పోస్టుల మీద ఆశ ఉంటే, 2019లో సచివాలయాలకి ఎనర్జీ అసిస్టెంట్లని తీసుకున్నప్పుడు పోల్ ఎక్కడం, మీటర్ రీడింగ్, సైకిల్ తొక్కడం టెస్టులు పెట్టారు, మొదటిది మీవాడికి ఇప్పటికే అలవాటైంది. అప్పటి వయసు పరిమితి 35, ఇంకా టైం ఉంది, కాకపోతే ఆ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో నమ్ముకుని కూర్చోలేం.

నా లెక్కలో రెండేళ్లు పంపొచ్చు, మేనమామ ఉన్న గ్యాంగ్‌తోనే, ఖాళీ నెలల్లో పర్మిట్ పనీ అప్రెంటిస్‌షిప్పూ మొదలుపెడతానని వాడు ఒప్పుకుంటేనే. ఇరవై మూడొచ్చేసరికి చేతిలో పర్మిట్, నాలుగైదు అనుభవం కాగితాలు ఉంటే సూపర్‌వైజర్‌గా ఎక్కడైనా అడుగుతారు. లేకపోతే ముప్పై ఏళ్లకి కూడా హెల్పర్ కూలీకే పోల్ మోస్తుంటాడు, ఆ వయసుకి నడుము సహకరించదు.

సంబంధాల గురించి అడిగారు కదా, ఉద్దానంలో సగం ఇళ్లలో మగవాళ్లు బయటే ఉంటారు, మీకు నేను చెప్పాలా. ముందు మేనమామకి ఫోన్ చేసి రెండు విషయాలు కనుక్కోండి, కాంట్రాక్టర్‌కి సొంత లైసెన్స్ ఉందా లేక ఎవరిదో పేరు మీద సబ్‌గా చేస్తున్నాడా, కోనసీమలో పని చేసిన రోజులకి పీఎఫ్, ఈఎస్ఐ పడ్డాయా. ఆయనేం చెప్పాడో నాకు రాయండి, దాన్ని బట్టి ఈ ఏప్రిల్ సీజన్‌కి పంపాలా ఆపాలా చెప్తాను.