రోమియో ఎదిగాడా, లేదా?

ప్రశ్న: సార్, నేను డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ చదువుతున్నాను. షేక్‌స్పియర్ నాటకం 'రోమియో అండ్ జూలియెట్' చివరికొచ్చేసరికి రోమియో పరిణతి చెందుతాడని మా నోట్సులో ఉంది. నాకేమో మొదట్లో ఎంత తొందరో చివర్లోనూ అంతే తొందర కనిపిస్తోంది. పరీక్షలో ఏం రాయమంటారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నోట్సులో ఉన్నదీ నిజమే, మీ అనుమానమూ నిజమేనమ్మా. అతనిలో ఏది ఎదిగింది, ఏది ఎదగలేదు అన్నది విడదీసి రాయండి చాలు.

మొదటి అంకంలో రోజలీన్ మీద మనసు పడ్డాడు. ఆ అమ్మాయి నాటకం మొత్తంలో ఒక్క ముక్క మాట్లాడదు. ఈయనగారు మాత్రం పట్టపగలు కిటికీలు మూసుకుని గదిలో చీకటి చేసుకుంటాడని సాక్షాత్తూ వాళ్ల నాన్నే చెప్తాడు. నోరు తెరిస్తే సీసపు ఈక, చల్లని నిప్పు అంటూ అరువు కవిత్వం. ఆ రాత్రే జూలియెట్‌ని చూసి రోజలీన్‌ని మర్చిపోతాడు. కుర్రాళ్ల ప్రేమ గుండెల్లో కాదు, కళ్లలో ఉంటుందని ఫ్రయర్ లారెన్స్ అనే మతగురువు దులిపేస్తాడు కూడా.

మూడో అంకంలో, జూలియెట్‌ని రహస్యంగా పెళ్లి చేసుకుని వస్తుంటే ఆమె బంధువు టిబాల్ట్ నలుగురిలో నీచుడా అని తిడతాడు. రోమియో కత్తి దూయడు. ఆ వెరోనా వీధుల్లో, స్నేహితుల ముందు అలా ఊరుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఎంతసేపు? టిబాల్ట్ చేతిలో తన స్నేహితుడు మెర్క్యూషియో చనిపోగానే, జూలియెట్ అందం తనను పిరికివాణ్ని చేసిందనుకుని టిబాల్ట్‌ని చంపేస్తాడు. ఊరి నుంచి బహిష్కరించారని తెలిశాక ఫ్రయర్ గదిలో నేల మీద పడి ఏడ్చి, కత్తితో పొడుచుకోబోతాడు. జూలియెట్ దాది వచ్చి, మగాడివైతే లేచి నిలబడమంటుంది!

ఇక ఐదో అంకం మొదటి దృశ్యం మీద కాస్త ఎక్కువసేపు ఆగండి. బహిష్కరణలో మాంటువా ఊళ్లో ఉన్న రోమియోకి జూలియెట్ చనిపోయిందని అతని నౌకరు బాల్తజార్ కబురు తెస్తాడు. ఈసారి నేల మీద పడడు. ఒక్క వాక్యంలో నక్షత్రాలను ధిక్కరించి, కాగితం, సిరా తెమ్మంటాడు, గుర్రాలు మాట్లాడమంటాడు. విషం కొనడానికి మందులవాడి దుకాణాన్ని గుర్తు చేసుకుంటాడు: వేలాడదీసిన తాబేలు, ఖాళీ పెట్టెలు, ఎముకలు తేలిన మనిషి. తన బాధ తప్ప లోకం పట్టని కుర్రాడికి ఇప్పుడు ఇంకొకడి ఆకలి కనబడుతోంది. నలభై డ్యూకట్లు చేతిలో పెట్టి, అసలు విషం అమ్మింది నువ్వు కాదు, ఈ బంగారమిచ్చిన నేను, పోయి తిండి కొనుక్కో అంటాడు. సమాధి దగ్గర, జూలియెట్‌కి పెద్దలు కుదిర్చిన పెళ్లికొడుకు ప్యారిస్‌ని తనకంటే చిన్నవాడిలా చూసి, వెళ్లిపో, నాచేత ఇంకో పాపం చేయించకు అని బతిమాలతాడు. అయినా చంపాల్సి వస్తుంది. చంపాక, అతను కోరినట్టే జూలియెట్ ఉన్న సమాధిలోనే పడుకోబెడతాడు. అక్కడే ఉన్న టిబాల్ట్ శవాన్ని క్షమాపణ అడుగుతాడు.

మరి ఎదగనిది? అదే మాంటువా దృశ్యంలో బాల్తజార్, కాస్త ఓపిక పట్టండి దొరా అని వేడుకుంటాడు. ఫ్రయర్ నుంచి ఉత్తరాలేమైనా ఉన్నాయా అని రోమియో అడుగుతాడు. లేవంటే, "సరేలే, ఫర్వాలేదు" అనేస్తాడు. ఉత్తరం ఎందుకు రాలేదని కూడా ఆలోచించడు. (జూలియెట్ నిజంగా చనిపోలేదు, మందు తాగి నిద్రలో ఉంది; ఆ సంగతి రాసిన ఫ్రయర్ ఉత్తరం ఇతనికి అందలేదు.) మాట నెమ్మదించింది, మనిషి నెమ్మదించలేదు. పాపం, అతనికి టైమ్ మాత్రం ఎక్కడిది? 1562లో వచ్చిన ఆర్థర్ బ్రూక్ కావ్యంలో నెలల తరబడి నడిచే కథను షేక్‌స్పియర్ వారం తిరక్కుండానే ముగించాడు. (జూలియెట్ ఇతనికంటే ముందే ఎదిగిందని నా అభిప్రాయం. ఆవిడకింకా పద్నాలుగు నిండలేదు! కానీ మీ ప్రశ్న అది కాదు.)

నోట్సుకు ఎదురు రాస్తే మార్కులు పోతాయని టెన్షన్ పడకండి. మందులవాడికి డబ్బిచ్చే మాటలు, ఉత్తరాల గురించి ఆ "సరేలే" పక్కపక్కన పెట్టి, అంకం, దృశ్యం నంబర్లు వేయండి. రెండూ ఒకే దృశ్యంలోవి కాబట్టి ఎవరూ కాదనలేరు.